బిడ్డ పేరులో పెద్దల పేర్లు

బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట వినిపించేది అజాన్. ఆ తరువాత వినిపించేది పేరును గురించిన చర్చ. దాదా పేరు పెట్టాలని ఒకరంటారు, నానా పేరు పెట్టాలని మరొకరంటారు. కాలం చేసిన పెద్దల జ్ఞాపకాలు ఆ వారం రోజుల్లో ఎంతగా కదులుతాయో మరెప్పుడూ కదలవు. ఇది మంచి భావమే. కాని ఈ మంచి భావమే కొన్ని ఇళ్ళలో మనస్పర్థలకు, మరికొన్ని చోట్ల బిడ్డకు జీవితాంతం మోయవలసిన చిక్కులకు దారి తీస్తున్నది. కనుక ఈ విషయంలో మన ధర్మం ఏమి చెబుతున్నది, మన పూర్వులు ఏమి చేశారు, నేటి వ్యవహారానికి ఏది అనుకూలం అన్నది తెలుసుకోవడం అవసరం.

గత సంవత్సరం మా బంధువుల ఇంట జరిగిన ఒక సంగతి చెప్పి అసలు విషయంలోకి వెళతాను. పేర్లు మాత్రం మార్చి చెబుతున్నాను. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఆ దంపతులకు మగబిడ్డ కలిగాడు. బిడ్డ తండ్రి రెండేళ్ళ వయసులోనే తన తండ్రిని పోగొట్టుకున్నవాడు. అతన్ని పెంచి, చదివించి, ఒక ఇంటివాణ్ణి చేసినది మేనమామ. తల్లి వైపు చూస్తే, బిడ్డ నానా కాన్పుకు రెండు నెలల ముందే కన్నుమూశారు. దాదా పేరు అబ్దుల్ కరీం. పెంచిన మామూ పేరు ఖాసిం. నానా పేరు ముహమ్మద్ అక్రం. ముగ్గురూ ఇప్పుడు లేరు. ముగ్గురినీ మరవకూడదన్నది ఆ దంపతుల కోరిక. అఖీఖాకు మూడు రోజుల ముందు ఆ అబ్బాయి నా దగ్గరికి ఒక కాగితం తీసుకొచ్చాడు. దానిమీద 'షేక్ ముహమ్మద్ అబ్దుల్ కరీం ఖాసిం ముహమ్మద్ అక్రం' అని రాసి ఉంది.

"చాచా, అర్థంలో తప్పేమైనా ఉందేమో చూడండి" అన్నాడు.

అర్థంలో తప్పేమీ లేదు. తప్పంతా ఇంట్లో మొదలయిందని తరువాతి మాటల్లో తెలిసింది. బిడ్డ నానీ ఆ కాగితం చూసి, "వారి పేరు చిట్టచివర వేశారు. చివరి పేరుతో ఎవరు పిలుస్తారు? పిలవని పేరు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. నేను అఖీఖాకు రాను" అన్నదట. భర్త పోయిన రెండు నెలలకే ఒక స్త్రీ నోట ఆ మాట వచ్చిందంటే దాన్ని మొండితనం అని తోసిపుచ్చడానికి వీల్లేదు.

ఆ కాగితం ముందు పెట్టుకుని నేను మూడు ప్రశ్నలు వేసుకున్నాను. పెద్దల పేర్లు బిడ్డలకు పెట్టడం ధర్మసమ్మతమేనా? ఒక బిడ్డకు ఒకటికంటే ఎక్కువ పేర్లు పెట్టవచ్చునా? పెట్టవచ్చునంటే, ఎవరి పేరు ఏ స్థానంలో ఉండాలి?

పెద్దల పేరు పెట్టడం

మొదటి ప్రశ్నకు జవాబు దైవప్రవక్త (స) వారి స్వగృహంలోనే లభిస్తుంది. హిజ్రీ 8వ సంవత్సరంలో మారియా (రజి) గర్భాన వారికి కుమారుడు కలిగాడు. ఆ రాత్రి పుట్టిన బిడ్డకు తమ పితామహుడైన ఇబ్రాహీం (అ) పేరు పెట్టానని వారు స్వయంగా చెప్పినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. వేల సంవత్సరాల నాటి పూర్వీకుని పేరు పసిబిడ్డకు పెట్టి, దానిని తండ్రి పేరుగా చెప్పుకోవడంలో ఎంత ప్రేమ ఉందో గమనించండి.

ఈ గౌరవం తండ్రి వంశానికే పరిమితం కాలేదు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె ఉమ్మె కుల్సూమ్‌కు, హజ్రత్ తల్హా (రజి)కి పుట్టిన కుమార్తె పేరు ఆయిషా. అది బిడ్డకు పెద్దమ్మ అయిన విశ్వాసుల మాత ఆయిషా (రజి) పేరు. అంటే తల్లి వైపువారి పేరు కూడా బిడ్డకు వచ్చింది. రక్తసంబంధానికి బయట కూడా ఈ పద్ధతి కనిపిస్తుంది. హజ్రత్ జుబైర్ (రజి) తమ కుమారులకు అమరవీరుల పేర్లు పెట్టుకున్నారని చరిత్రకారులు రాశారు. హమ్జా, జాఫర్, ముస్అబ్ వంటి పేర్లు ఆ ఇంట్లో అలా వచ్చినవే.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. పేరు పెద్దలదైనంత మాత్రాన అది మంచి పేరై పోదు. ప్రముఖ తాబయీ విద్వాంసుడు సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మ) తాతగారి పేరు హజ్న్. ఆ మాటకు కటువైన నేల అని అర్థం. దైవప్రవక్త (స) ఆయనకు సహ్ల్, అంటే సులువైనది, మెత్తనిది అనే పేరు సూచించారు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోనని ఆయన అన్నారు. ఆ తరువాత తమ కుటుంబంలో ఆ కటుత్వం ఉండిపోయిందని మనుమడే చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. తండ్రి మీది గౌరవంతోనే ఆ పెద్దమనిషి నిరాకరించారు. కాని అర్థాన్ని పక్కకు నెట్టిన గౌరవం మేలు చేయలేదు. ఇదే విధంగా 'ఆసియా' అని, అంటే అవిధేయురాలు అనే అర్థం వచ్చే విధంగా పేరున్న ఒక స్త్రీకి దైవప్రవక్త (స) 'జమీలా' అని పేరు మార్చారు. ఫిరౌను భార్య ఆసియా పేరు వేరు, దాని అక్షరాలు వేరు. ఆ పేరులో ఈ దోషం లేదు.

ఇక 'అబ్ద్' అనే పదాన్ని అల్లాహ్‌కు, ఆయన నామాలకు తప్ప మరెవరికీ జోడించరాదన్నది ధర్మవేత్తల ప్రసిద్ధ అభిప్రాయం. మన తాతలలో ఎవరికైనా ఇందుకు భిన్నమైన పేరు ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ తాతను తక్కువ చేసి మాట్లాడవలసిన పని లేదు. హునైన్ యుద్ధంలో దైవప్రవక్త (స) తమను అబ్దుల్ ముత్తలిబ్ సంతానంగానే పరిచయం చేసుకున్నారు. గడచిపోయిన పెద్దల పేరు ఉన్నది ఉన్నట్లు చెప్పడం వేరు, పుట్టిన బిడ్డకు కొత్తగా ఆ పేరు పెట్టడం వేరు. అటువంటి పెద్దలను మరో విధంగా స్మరించుకోవచ్చు. ఆ విధానం ముందు చెబుతాను.

అరబీ పేరులోని భాగాలు

రెండవ ప్రశ్నకు వచ్చే ముందు ఒక అపోహ తొలగించాలి. మన పూర్వ విద్వాంసుల పేర్లు చాంతాడంత ఉంటాయి గదా, మనం మాత్రం ఆరేడు పేర్లు ఎందుకు పెట్టకూడదు అని కొందరు అడుగుతారు. ఆ పొడుగు పేర్లలో బిడ్డకు పెట్టిన పేరు సాధారణంగా ఒక్కటే. మిగిలినవన్నీ వేరే భాగాలు.

అరబీ సంప్రదాయంలో పేరుకు ఐదు భాగాలు ఉంటాయి. పుట్టినప్పుడు పెట్టేది 'ఇస్మ్'. ఫలానావారి తండ్రి, ఫలానావారి తల్లి అని చెప్పేది 'కున్యత్'. ఫలానావారి కుమారుడు, కుమార్తె అని వరుసగా చెప్పేది 'నసబ్'. గుణాన్నో పదవినో బట్టి లోకం ఇచ్చేది 'లఖబ్'. ఊరు, తెగ, వృత్తి మొదలైనవాటిని చెప్పేది 'నిస్బత్'.

హదీసు వేత్త ఇమామ్ బుఖారీ (రహ్మ) పేరు తీసుకోండి: అబూ అబ్దుల్లాహ్ ముహమ్మద్ బిన్ ఇస్మాయీల్ బిన్ ఇబ్రాహీం బిన్ ముగీరా బిన్ బర్దిజ్‌బహ్ జూఫీ బుఖారీ. ఇందులో ఆయనకు పెట్టిన పేరు ముహమ్మద్ మాత్రమే. అబూ అబ్దుల్లాహ్ కున్యత్. ఇస్మాయీల్ తండ్రి, ఇబ్రాహీం తాత, ముగీరా ముత్తాత. బర్దిజ్‌బహ్ అగ్నిపూజకుల మతంలోనే మరణించాడని చెబుతారు. అయినా వంశక్రమంలో ఆయన పేరు తొలగించలేదు. ముగీరా ఇస్లాం స్వీకరించినది జూఫీ తెగకు చెందిన యమాన్ అనే అధికారి ద్వారా. అందువల్ల ఆ ఇంటికి 'జూఫీ' అన్న నిస్బత్ వచ్చింది. పుట్టిన ఊరు బుఖారా. ఒక మనిషి పేరులో ఒక కుటుంబపు చరిత్ర ఇమిడి ఉంది. మేలు చేసినవారి తెగ పేరు కూడా ఉంది. కాని ప్రతి పేరూ తన స్థానంలో ఉంది.

ఇమామ్ గజాలీ (రహ్మ) పేరులో ముహమ్మద్ అన్నది మూడుసార్లు వస్తుంది. ముహమ్మద్ బిన్ ముహమ్మద్ బిన్ ముహమ్మద్. అవి ఒక బిడ్డకు పెట్టిన మూడు పేర్లు కావు. ఆయన పేరు, తండ్రి పేరు, తాత పేరు. నేటికీ సౌదీ అరేబియా, ఈజిప్టు వంటి దేశాల గుర్తింపు పత్రాలలో మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఇంటిపేరు వరుసగా ఉంటాయి. మనం వాటి మధ్యలోని 'బిన్' అనే మాట ఎగిరిపోగా మిగిలినదాన్ని చూసి, అదంతా ఒకే మనిషి పేరు అనుకుంటున్నాము.

ఒకటికి మించిన పేర్లు

బిడ్డల విషయమై ధర్మాదేశాలన్నిటినీ ఒకచోట చేర్చి ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) 'తుహ్ఫతుల్ మౌదూద్' అనే గ్రంథం రచించారు. ఆయన హిజ్రీ 751, అంటే క్రీ.శ. 1350లో మరణించారు. ఒక బిడ్డకు ఒకటికి మించిన పేర్లు పెట్టవచ్చునా అన్న ప్రశ్నను ఆ గ్రంథంలో ఆయన ప్రత్యేకంగా చర్చించారు. ఆయన అభిప్రాయ సారాంశం ఇది: పేరు పెట్టడంలోని ఉద్దేశం మనిషిని గుర్తించడం, ఇతరుల నుండి వేరుగా తెలుసుకోవడం. అందుకు ఒక పేరు చాలు. కనుక ఒకదానితో సరిపెట్టుకోవడం మేలు. అంతకు మించి పెట్టినా అభ్యంతరం లేదు.

ఈ రెండు వాక్యాలలో మన సమస్యకు కొలబద్ద ఉంది. రెండు మూడు పేర్లు నిషిద్ధం కాదు, కాని పేరు పని గుర్తింపు. ఎన్ని పేర్లు చేర్చితే గుర్తింపు చెదిరిపోతుందో అక్కడ ఆగిపోవాలి.

తల్లిదండ్రుల మధ్య భేదం వస్తే పేరు పెట్టే హక్కు తండ్రిదని అదే గ్రంథంలో ఉంది. హక్కు ఉన్నది గదా అని దాన్ని కర్రలా ఎత్తడం మాత్రం తగదు. మర్యమ్ (అ)కు పేరు పెట్టినది ఆమె తల్లి అని దివ్య ఖుర్ఆన్ (3:36) తెలుపుతున్నది. బిడ్డకు పాలు మాన్పించడాన్ని కూడా తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలని అల్లాహ్ (2:233) బోధించాడు. పాల విషయంలోనే సంప్రదింపు ఉన్నప్పుడు, జీవితాంతం నిలిచే పేరు విషయంలో ఎంత అవసరమో వేరే చెప్పాలా?

వంశం వేరు, కృతజ్ఞత వేరు

ఇక మూడవ ప్రశ్న. మా బంధువు అబ్బాయికి మనసులో మరో కోరిక ఉండేది. 'షేక్' తీసివేసి, మామూ పేరైన 'ఖాసిం'నే ఇంటిపేరుగా నిలపాలని. "నాకు తండ్రి అంటే ఆయనే" అన్నాడు. ఆ మాటలోని కృతజ్ఞతను ఎవరు కాదనగలరు? అయినా ఇక్కడ ధర్మం ఒక గీత గీసింది.

హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి)ని దైవప్రవక్త (స) కన్నబిడ్డలా పెంచారు. ప్రజలు ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అనే పిలిచేవారు. పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని ఖుర్ఆన్ (33:5) ఆదేశం వచ్చిన తరువాత ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. ప్రేమ తగ్గలేదు. వంశం మాత్రం దాని స్థానానికి చేరింది. తెలిసి తెలిసి తన తండ్రి కాని వానికి తనను అంటగట్టుకోవడాన్ని హదీసులు గట్టిగా హెచ్చరించాయి. అలంకారం కోసం సయ్యద్, సిద్దీఖీ, అన్సారీ వంటి మాటలు తగిలించుకునేవారు కూడా ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి. అవి పేర్లు కావు, వంశాన్ని గురించిన ప్రకటనలు.

కనుక పెంచిన మేనమామ పేరును తండ్రి స్థానంలోగాని, వంశనామంగాగాని పెట్టరాదు. కాని బిడ్డకు ఇస్మ్‌గా పెట్టడానికి ఏ అడ్డూ లేదు. సరిగ్గా ఇక్కడే మన చిక్కుముడి విడిపోతుంది. ఆలోచించండి. దాదా పేరు బిడ్డ నసబ్‌లో ఎలాగూ ఉంది. ఫలానా బిన్ ఫలానా బిన్ అబ్దుల్ కరీం అన్నప్పుడు ఆయన స్థానం ఎవరూ తీసివేయలేనిది. నానాకు, పెంచిన మామూకు, దాదీకి, నానీకి నసబ్‌లో స్థానం లేదు. వారికి చోటు ఇవ్వగలిగినది ఇస్మ్ ఒక్కటే. తండ్రి వంశానికి వరుస ఉన్నది గనుక, పెట్టే పేరును వరుసలో లేని ఆత్మీయులకు ఇవ్వడం న్యాయంగా ఉంటుంది.

మన ప్రాంతపు అలవాట్లు

తెలుగునాట ముస్లింల పేర్లకు కొన్ని ప్రత్యేక చిక్కులు ఉన్నాయి. ఇక్కడి అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు వస్తుంది. షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అన్నవి ఇంటిపేర్ల స్థానంలో నిలిచి, బడి రిజిస్టరులో ఎస్.కె., ఎస్.డి., ఎం.డి. అన్న పొడి అక్షరాలుగా మారిపోతాయి. దైవప్రవక్త (స) మీది ప్రేమతో పెట్టిన 'ముహమ్మద్' అనే పేరు రెండు పొడి అక్షరాలై, ఏ గుమాస్తా చేతిలోనో 'ఎండి' అనే ఇంటిపేరుగా స్థిరపడిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. ఈ పేరు పెడితే పూర్తిగా రాయాలి.

రెండవది, జంట పదాలను విరవడం. అబ్దుల్ కరీం అంటే పరమ ఉదారుడైన అల్లాహ్ దాసుడు. అందులో 'అబ్దుల్' ఒక పేరు, 'కరీం' మరొక పేరు కావు. 'అబ్దుల్' అని మాత్రమే పిలిస్తే 'యొక్క దాసుడు' అన్నంత అసంపూర్ణంగా ఉంటుంది. శంసుద్దీన్‌లో 'ఉద్దీన్' ఇంటిపేరు కాదు. ఖైరున్నిసాలో 'నిసా' అంటే స్త్రీలు అని మాత్రమే అర్థం. అయిదారు పదాలు పేర్చినప్పుడు ఈ విరుపులు తప్పవు. పెద్దాయన పేరు బిడ్డకు పెట్టామనుకుంటాము, ఆచరణలో సగం పేరే మిగులుతుంది.

మూడవది, పెట్టిన పేరుతో పిలవకపోవడం. మామగారి పేరు కోడలు నోట పలకకూడదన్న ఆచారం చాలా ఇళ్ళలో ఉండేది. ఆ పేరు బిడ్డకు పెట్టాక, తల్లి ఆ పేరుతో కసరలేక చిన్నోడనో బాబనో పిలిచేది. చివరకు ముద్దుపేరే ఊరంతా పాకేది. మరీ ఘోరం ఏమంటే, రంగును బట్టి, అవకరాన్ని బట్టి పెట్టే పిలుపులు. ఒకరినొకరు చెడు పేర్లతో పిలుచుకోవడాన్ని ఖుర్ఆన్ (49:11) నిషేధించింది. తాత పేరు కాగితం మీద ఉంచి, మనుమణ్ణి వీధిలో ఎగతాళి పేరుతో పిలవడం తాతకు గౌరవం కాదు. నానీ అన్న మాటలోని న్యాయం ఇదే. పిలిచే పేరే పేరు.

పత్రాలలో పేరు

మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. జననాన్ని 21 రోజులలో తెలియజేయాలి. కాని ఆ రోజుకే పేరు ఖాయం చేయాలన్న నిర్బంధం లేదు. పేరు లేకుండానే జననం నమోదు చేయించి, 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 సంవత్సరాల వరకు రుసుము చెల్లించి పేరు చేర్పించుకునే వీలు ఉంది. ఏడవ రోజున అఖీఖా చేసి, శిరోముండనం చేయించి, పేరు పెట్టడం సమురా (రజి) ఉల్లేఖించిన హదీసును బట్టి సున్నత్. పుట్టిన రోజునే పేరు పెట్టిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. కనుక ఆసుపత్రి మంచం దగ్గర తొందరపడి ఏదో ఒకటి రాయించవలసిన అవసరం లేదు.

ఇప్పుడు జాగ్రత్త మరింత అవసరమైంది. ఆ చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ సంవత్సరం అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరికకు, ఓటర్ల జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, వివాహ నమోదుకు, ప్రభుత్వోద్యోగానికి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పడిన అక్షరమే బిడ్డ వెంట నడుస్తుంది.

మనవారిలో గల్ఫు దేశాలకు వెళ్ళని కుటుంబం అరుదు. పాస్‌పోర్టులో యంత్రం చదివే మొదటి వరుసలో పేరుకు దక్కేది 39 స్థానాలు. పదాల మధ్య వేసే గుర్తులు కూడా అందులోనే లెక్క. మా అబ్బాయి తెచ్చిన పేరును ఇంగ్లీషు అక్షరాలలో రాసి లెక్కపెట్టాను. గుర్తులతో కలిపి 49 వచ్చింది. అంటే పది అక్షరాలు తెగిపోవాలి. తెగేది చివరి నుండే. ఏ నానా పేరు నిలపాలని ఆ పేరు చేర్చారో, ఆ పేరే ఆ వరుసలో మాయమవుతుంది! మరోవైపు, ఒకే ఒక్క పదం ఉన్నా ఇబ్బందే. 2022 నవంబరులో సంయుక్త అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం, పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్న సందర్శకులను అనుమతించబోమని ప్రకటించింది. తండ్రి పేరో ఇంటిపేరో పాస్‌పోర్టు మరో పేజీలో ఉంటే చాలునని ఆ తరువాత వివరణ ఇచ్చింది. కనుక ఒక ఇంటిపేరు, దానితో ఒకటి లేక రెండు పేర్లు ఉండడం అన్ని విధాలా క్షేమం.

ఒక ధాతువు, పలువురు పెద్దలు

అరబీ తెలిసినవారికి అల్లాహ్ ఒక సౌలభ్యం ఇచ్చాడు. ఆ భాషలో మాటలన్నీ ఎక్కువగా మూడక్షరాల ధాతువుల నుండి పుడతాయి. స్తుతి అనే అర్థంగల ఒకే ధాతువు నుండి ముహమ్మద్, అహ్మద్, మహమూద్, హామిద్, హమీద్, హమీదా వచ్చాయి. ఔదార్యం, గౌరవం అనే అర్థంగల ధాతువు నుండి కరీం, కరీమా, అక్రం, ఇక్రాం, ముకర్రం వచ్చాయి. క్షేమం అనే అర్థంగల ధాతువు నుండి సలీం, సలీమా, సాలిం, సల్మా వచ్చాయి.

దీనివల్ల ఒక్క పేరుతో ఇద్దరు ముగ్గురు పెద్దలను స్మరించుకోవచ్చు. దాదీ పేరు సలీమా అయి, పుట్టినది మగబిడ్డ అయితే సాలిం అని పెట్టండి. నానా పేరు మహమూద్ అయి, పుట్టినది ఆడపిల్ల అయితే హమీదా అనండి. పెద్దల పేరులో అర్థదోషం ఉండి అదే పేరు పెట్టలేకపోయిన చోట కూడా ఇది దారి చూపుతుంది. అందులోని మంచి పదాన్ని తీసుకుని దాని ధాతువులో కొత్త పేరు వెతుక్కోవచ్చు. సాధారణంగా మనం పెద్దల పేర్లు అన్నప్పుడు మగవారి పేర్లే లెక్కలోకి వస్తాయి. బీబీ, బేగం అన్న మాటల చాటున అసలు పేరే మరుగున పడిన దాదీలు, నానీలు ఎందరో! ఈ పద్ధతిలో వారికీ చోటు దొరుకుతుంది.

అయితే పేరు ఎన్నుకున్నాక దానిని అరబీ లేదా ఉర్దూ లిపిలో కూడా ఒకచోట రాసి ఉంచాలి. మన తెలుగు లిపిలో కొన్ని ధ్వనులకు వేరు అక్షరాలు లేవు. మహోన్నతుడు అనే అర్థంగల జలీల్‌ను, నీచుడు అనే అర్థంలో ఉర్దూలో వాడే మాటను తెలుగులో ఒకే విధంగా రాస్తాము. స్తుతించేవాడు అనే హామిద్, జీవం లేనిది అనే హామిద్ రెండూ తెలుగులో ఒక్కటే. రెండింటికీ అరబీలో 'హ' వేరు. లిపి తెలియని మనుమడు రేపు తన పేరుకు అర్థం వెతికితే తప్పుదారి పట్టకూడదు.

ఆ కాగితం ఏమైంది?

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. నానీని కూడా రప్పించారు. నేను కాగితం వెనక్కి తిప్పి మూడు పంక్తులు రాసి చదివి వినిపించాను. "అమ్మా, కరీం అన్నా అక్రం అన్నా ఒకే ధాతువు. అక్రం అని పిలిచిన ప్రతిసారీ నానా పేరు పలికినట్లే, దాదా పేరులోని అర్థం తలచినట్లే. దాదా ఎలాగూ బిడ్డ వంశంలో ఉన్నారు. పెంచిన మామూ పేరు పక్కన నిలుస్తుంది" అన్నాను. బిడ్డ పేరు 'షేక్ అక్రం ఖాసిం' అని నిశ్చయమైంది. పాస్‌పోర్టు లెక్కలో అది 18 స్థానాలు మాత్రమే. దైవసన్నిధిలో మీలో అందరికంటే గౌరవనీయుడు ఎక్కువ దైవభీతి గలవాడేనని బోధించే ఖుర్ఆన్ వాక్యంలో (49:13) ఉన్నది ఈ 'అక్రం' అనే మాటేనని చెప్పినప్పుడు, నానీ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఆ మాట వారు ఉండగా ఎవరూ చెప్పలేదు నాయనా" అన్నది. ఆమె అఖీఖాకు వచ్చింది. బిడ్డను మొదట ఆ పేరుతో పిలిచినది కూడా ఆమే.

చివరగా నా సంగతి ఒకటి. నా పేరులో ఇంటిపేరు కాక నాలుగు పదాలు ఉన్నాయి. అన్నీ పెద్దల పేర్లేనని చిన్నప్పుడు విన్నాను. మదరసా సనదులో నాలుగూ రాసి, తండ్రి పేరు, ఊరి నిస్బత్ చేర్చారు. విశ్వవిద్యాలయపు పట్టాలో రెండే మిగిలాయి. బడి ధ్రువపత్రంలో మరో విధంగా ఉంది. ఈ ముగ్గురూ ఒకే మనిషి అని ఒక కార్యాలయాన్ని ఒప్పించడానికి నాకు చాలా నెలలు, ఎన్నో ప్రమాణ పత్రాలు పట్టాయి. ఆ శ్రమ నేను మరచిపోగలను. మరచిపోలేనిది ఇంకొకటి. ఆ పత్రాల కోసం పేరులోని పదాలను విడదీసినప్పుడు, మూడవ పేరు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. దాదా తమ్ముడిదని ఒకరన్నారు, ఉస్తాదుదని మరొకరన్నారు. చెప్పగలిగినవారు అప్పటికే సమాధుల్లో ఉన్నారు. నలభై ఏళ్ళుగా ఎవరి పేరునో మోస్తున్నాను. ఆయన ఎవరో తెలియక, పేరు పెట్టి ఒక దుఆ అయినా చేయలేకపోతున్నాను.

అందువల్ల పాఠకులకు నా మనవి ఇది. బిడ్డకు పెట్టే పేర్లు తగ్గించండి, చెప్పే కథలు పెంచండి. ఒక చిన్న పుస్తకం తీసుకుని బిడ్డ పేరు, పేరుకు అర్థం, అది ఎవరి పేరు, ఆయన లేక ఆమె ఎటువంటి మనిషి, ఈ కుటుంబానికి ఏమి చేశారు అన్నది రాసి పెట్టండి. తండ్రి వైపు నాలుగు తరాలు, తల్లి వైపు నాలుగు తరాలు, స్త్రీల పేర్లతో సహా అందులో చేర్చండి. ధ్రువపత్రంలో ఇమడని పేర్లన్నీ ఆ పుస్తకంలో ఇముడుతాయి. బిడ్డ పెద్దవాడై తన పేరు వెనుక ఉన్న మనిషిని తెలుసుకుని, నమాజు తరువాత చేతులెత్తి ఆ మనిషి కోసం వేడుకున్న రోజున ఆ పేరు పెట్టిన ఉద్దేశం నెరవేరుతుంది.

అల్లాహ్ మన సంతానాన్ని మంచి పేర్లకు తగిన మంచి మనుషులుగా తీర్చిదిద్దుగాక! మనకు ముందు గడచిపోయిన పెద్దలను కరుణించుగాక! ఆమీన్.